నత్తను ఫెయిల్ చేసిన ఇన్‌స్పెక్టర్

చేతికందిన ప్రతిదాన్నీ పరీక్షించి గాని వదలకపోవడం నాకు ఉద్యోగంతో పాటు అంటుకున్న జబ్బు. భిలాయి ప్లాంట్‌లో నా పని టెస్టింగ్ లాబ్‌లో. ఉక్కులోంచి జానెడు ముక్క కోసి మా దగ్గరికి పంపుతారు. దాన్ని మెషిన్ దవడల మధ్య బిగించి, తెగేదాకా లాగి, ఎంత బరువు దగ్గర తెగిందో ముల్లు చూసి రాసి, కింద సంతకం పెట్టాలి. ఆ కాగితం పేరు టెస్ట్ సర్టిఫికెట్, మేం టీసీ అంటాం. దాని మీద సంతకం పడితే గాని సరుకు గేటు దాటదు. పొద్దంతా ఉక్కు తెంపి వచ్చిన మనిషిని ఇంట్లో బుద్ధిగా కూర్చోమంటే కూర్చుంటాడా? బజారులో టొమాటోలు పిసికేవాణ్ణి. కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టేవాణ్ణి. కొత్త చీపురు కొంటే అందులోంచి ఒక పుల్ల లాగి విరిగేదాకా వంచేవాణ్ణి. పెళ్ళయిన కొత్తలో అత్తవారింటి మంచం పట్టెని కూడా వంచి చూశానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది. అది అబద్ధం. వంచలేదు, నొక్కి చూశానంతే.

మా ఆవిడది విజయనగరం వైపు. “మీరు పిసికిన కాయలన్నీ మనమే కొనాల. నాకేటండీ ఈ కర్మ?” అని కూరల దుకాణం ముందే అనేది. నాకు ఒళ్ళు మండేది. పరీక్షించకుండా కొనే మనుషులంటే అప్పట్లో నాకు గొప్ప చులకన.

ఇంకో సంగతి కూడా ముందే ఒప్పేసుకుంటాను, ఎలాగూ దాగదు. నలభై దాటాక నాకు చత్వారం వచ్చింది. వచ్చినట్టు ఎవరికీ చెప్పలేదు. అద్దాలంటే ముసలితనమని, ముసలితనం మా సెక్షన్‌లో మిగతావాళ్ళకి వచ్చేది గాని నాకు వచ్చేది కాదని నా గట్టి నమ్మకం. లాబ్‌లో ఇబ్బంది లేదు, మెషిన్ ముల్లు తిరిగే పలక అన్నం పళ్ళెమంత ఉంటుంది. ఇంట్లో పేపరు హెడ్డింగులు చదివి, కింద ఏముందో ఊహించుకుని, దాని మీద గట్టిగా వాదించేవాణ్ణి. ఆదివారం ఆరాధనలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, కంఠతా వచ్చిన పాటలనే చూసి పాడుతున్నట్టు కళ్ళు అటూ ఇటూ తిప్పేవాణ్ణి. రాని పాటయితే పెదవులు ఆడించేవాణ్ణి. అందరూ రెండో చరణం పాడుతుంటే నేను హాయిగా మూడోది ఎత్తుకున్న ఆదివారాలు కూడా ఉన్నాయి. మా ఆవిడకి అద్దాలున్నాయి, గులాబీ రంగు ఫ్రేము. పాటల పుస్తకానికీ, బియ్యంలో రాళ్ళేరడానికీ పెట్టుకునేది. వాటి వంక నేను చూసేవాణ్ణి కూడా కాదు.

రాష్ట్రం కొత్తగా విడిపోయిన రోజులవి. ఏ ఫారం ఇచ్చినా చెయ్యి అలవాటుగా మధ్యప్రదేశ్ అని రాసేసేది, దాన్ని కొట్టేసి పైన ఛత్తీస్‌గఢ్ అని రాసేవాణ్ణి. ఒక వేసవి సెలవుల్లో మా రుఆబాంధా క్వార్టర్ల పిల్లలందరికీ ఒకటే పిచ్చి పట్టింది. కిరాణా కొట్లో తళతళలాడే పొట్లాల్లో కార్డులు అమ్మేవారు. ఒక్కో కార్డు మీద ఒక్కో వింత జీవి బొమ్మ. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, తలా ఇరవై కార్డులు పట్టుకుని, వంతులవారీగా తమ జీవుల్ని దింపి ఎదుటివాడి జీవుల మీదికి ఉసిగొల్పాలి. ఆటగాడికి నాలుగు వేల ప్రాణం. అడ్డుకునే జీవి లేనప్పుడు ఎదుటివాడి జీవి వచ్చి నేరుగా ఆటగాణ్ణే కొడుతుంది. ప్రాణం సున్నా అయితే ఓడిపోయినట్టు.

మా బ్లాకు మెట్ల మీద మధ్యాహ్నం ఎండ పడదు. భోజనాలయ్యాక అయిదారుగురు పిల్లలు అక్కడ చేరేవారు. అందరూ మగపిల్లలే, మా అమ్మాయి తప్ప. దానికి పదేళ్ళు. ఆ వేసవిలో బ్లాకులో ఉన్న మిగతా ఆడపిల్లలందరూ ఊళ్ళకి వెళ్ళారు. మాకు సెలవు దొరక్క మేం వెళ్ళలేదు. దానికి ఆ మెట్లు తప్ప వేరే సెలవులు లేవు. కార్డుల్ని స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, పొద్దున లేవగానే మూత తీసి లెక్క చూసుకునేది.

ఆ మెట్లకి పెద్ద, పై అంతస్తు పెద్దావిడ మనవడు. వాళ్ళ నాన్న చరోదా యార్డులో రైల్వే ఉద్యోగి. సెలవులకి అమ్మమ్మ ఇంటికి వచ్చాడు. పన్నెండేళ్ళుంటాయి, మాట నెమ్మది, ఆట గట్టిది. వాడికి మా అమ్మాయి మీద ఒకటే ఫిర్యాదు. ప్రతి కార్డూ పైనుంచి కిందిదాకా చదివి గాని వెయ్యదట. దాని వంతు వచ్చిందంటే మిగతావాళ్ళు వెళ్ళి నీళ్ళు తాగి రావచ్చట. మిగతా మగపిల్లలకి కూడా ఆడపిల్లని తీసెయ్యడానికి ఏదో ఒక వంక కావాలి, అది దొరికింది. ఆదివారం సాయంత్రం చరోదా అబ్బాయితో ఆడి గెలిస్తే ఉండొచ్చు, ఓడితే సోమవారం నుంచి మెట్ల మీద కూర్చోకూడదు అని తీర్మానం చేశారు.

అది ఇంటికొచ్చి ఈ మాట ఎవరికీ చెప్పలేదు. వంటింటి కిటికీలోంచి విన్నది మా ఆవిడే. మధ్యాహ్నం అన్నం తినకుండా టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే అడిగి తెలుసుకుంది. నేను జనరల్ షిఫ్ట్ ముగించుకుని వచ్చి, బూట్లు విప్పుతూ విన్నాను. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కూతురికి కష్టం వచ్చినందుకు కాదు. ఎవరి బలం ఎంతో తేల్చాల్సిన కష్టం వచ్చింది, ఆ పని తెలిసినవాడు ఈ బ్లాకులో నేనొక్కణ్ణే. ఇరవై ఏళ్ళు నన్ను ఈ ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. “ఇలా తే ఆ డబ్బా” అన్నాను.

“ఆ గుంటని ఒగ్గీండి. దాని ఆట దానికి తెలుసు,” అంది మా ఆవిడ, పిల్లని వదిలెయ్యమని. వింటానా?

అది కార్డులన్నీ నేల మీద పరిచి నాకు చెప్పడం మొదలుపెట్టింది. పైన చుక్కలుంటాయి, మూలన పెద్ద అంకె ఉంటుంది, బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఏదో రాసి ఉంటుంది. నేను అంకె దగ్గరే ఆగిపోయాను. అంకె ఉన్నాక ఇంకేం కావాలి? కప్పకి అయిదు వందలు. కుక్కకి వెయ్యి. రెక్కల పాముకి పద్దెనిమిది వందలు. చుక్కలు ఒకదానికి ఒకటి, ఇంకోదానికి ఏడు ఉన్నాయి. అవి నాణ్యతకి గుర్తు అనుకున్నాను, చుక్కలు ఎక్కువుంటే సరుకు మేలురకం. “నాన్నా, ఆ చుక్కలున్నాయే...” అని అది ఏదో చెప్పబోయింది. తెలుసులే అన్నాను. చిన్న అక్షరాల సంగతి ఎత్తబోతే, అవన్నీ కంపెనీవాడి అలంకారాలు, మనకనవసరం అన్నాను. నా కళ్ళకి ఆ అక్షరాలు చీమల బారులా కనిపిస్తున్నాయి. చీమల్ని ఎవరు చదువుతారు?

దాని కార్డులన్నిట్లోకీ అధమమైనది ఒక నత్త. నెత్తి మీద దీపం పెట్టుకున్న నత్త. పిల్లలు హిందీలో ఘోంఘా అనేవారు. ఒక్క చుక్క, మూడు వందలు. మా అమ్మాయి దాన్ని డబ్బాలో అన్నిటికంటే అడుగున, కాగితం మడతలో పెట్టుకుంది. ఇంత చెత్త కార్డుని ఇంత భద్రంగా ఎందుకు దాచావే అని అడిగాను. అది నా ముఖం వంక, నత్త వంక చూసి ఊరుకుంది.

మర్నాడు సాయంత్రం నేనే మెట్ల మీదికి దిగాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని నేను జీవితంలో చేయలేదు. దాని రూళ్ళ నోటుబుక్కులోంచి కాగితాలు చింపి, లాబ్‌లో మేం రాసే పద్ధతిలోనే గళ్ళు గీశాను. వస్తువు పేరు, చుక్కలు, బలం, ఫలితం, ఇన్‌స్పెక్టర్ సంతకం. రబ్బరు స్టాంపు లేదు గనక సోడా సీసా మూత పెట్టి చుట్టూ గీసి మధ్యలో పాస్ అని రాశాను. ముందు పిల్లలు నవ్వారు. తర్వాత ఒకడు నాక్కూడా అన్నాడు. తర్వాత వరసలో నిలబడ్డారు. అంకుల్ పెద్ద లాబ్‌లో పనిచేస్తాడు, అంకుల్ సంతకం పెడితే ఇనుము కూడా పాస్ అవుతుంది అని వాళ్ళలో వాళ్ళే చెప్పుకుంటుంటే నేను విననట్టు నటించాను. రెండు వేలు దాటితే పాస్, దాటకపోతే ఫెయిల్. ఆ సాయంత్రం ముప్పై టీసీలు రాశాను. చెయ్యి నొప్పెడుతున్నా హాయిగానే ఉంది.

చరోదా అబ్బాయి అందరికంటే చివర వచ్చాడు. వాడి దగ్గర ఒక కార్డుంది, పిల్లలు పహాడ్ అంటారు. కొండకి కాళ్ళూ చేతులూ వచ్చినట్టుండే జీవి. ఏడు చుక్కలు. మూడు వేలు. నేను ఆ అంకె చూసి లేచి నిలబడ్డంత పని చేశాను. పాస్ అని రాసి, కింద గీత కూడా గీశాను. వాడు తలూపి, మా అమ్మాయి నత్త సంగతేమిటని అడిగాడు. నేను ఆలోచించకుండా ఫెయిల్ అని రాసి సంతకం పెట్టాను. అప్పుడు వాడు చాలా మర్యాదగా, అంకుల్, మీరు ఫెయిల్ చేసినది నాకిచ్చి, పాస్ చేసినది మీరు తీసుకోండి అన్నాడు.

మా అమ్మాయి చెయ్యి డబ్బా మూత మీద గట్టిగా పడింది. అందరూ నా వంక చూస్తున్నారు. మూడు వందలిచ్చి మూడు వేలు తీసుకోవడానికి ఇంత ఆలోచనేమిటి? “ఇచ్చీ అమ్మా. ఏటి చూస్తన్నావు?” అన్నాను. అది ఒక్క క్షణం నన్ను చూసింది, నా చేతిలో ఇంకా తడి ఆరని టీసీని చూసింది. తర్వాత కాగితం మడత విప్పి నత్తని తీసి ఇచ్చేసింది. పాపం, ప్లాంట్ హోదా చూపించి రైల్వే వాళ్ళ పిల్లవాణ్ణి బుట్టలో వేశానేమో అని నాకు కాస్త జాలి కూడా వేసింది. ఇంటికొచ్చి మా ఆవిడతో ఆ మాటే అన్నాను.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, భోజనాలు చేసి, దాని ఇరవై కార్డులూ నేనే ఎంచాను. అయిదారు చిన్నవి ఉండనివ్వమని అది బతిమాలితే ఉండనిచ్చాను. మిగతావన్నీ ఏడు చుక్కలవీ, ఆరు చుక్కలవీ. పిల్లల దగ్గర మార్పిడి చేసి కూడబెట్టినవి. నా టీసీల పుణ్యమా అని పెద్ద చుక్కల కార్డులు మా ఇంటికి వచ్చి చేరాయి, చిన్నవన్నీ చరోదా అబ్బాయికి చేరాయి. అప్పుడు కూడా నాకు అనుమానం రాలేదు చూశారా, అదీ నా తెలివి.

సాయంత్రం నేను పై మలుపులో రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. కింద వాళ్ళిద్దరూ, చుట్టూ మిగతావాళ్ళు. మొదటి రెండు వంతుల్లో ఇద్దరూ చెరో రెండు చిన్న జీవుల్ని దింపారు. వాడివి రెండూ కుక్కలు, వెయ్యేసి. మూడో వంతులో మా అమ్మాయి తన రెండు జీవుల్నీ తీసి పక్కన పెట్టింది. ఎందుకు తీస్తోందని పక్కనున్న పిల్లవాణ్ణి అడిగాను. ఏడు చుక్కల జీవి దిగాలంటే సొంత జీవులు రెండింటిని బలి ఇవ్వాలి అంకుల్ అన్నాడు. చుక్కలంటే నాణ్యత కాదు, ఖర్చు. ఆ మాట నాకు ఒక్క క్షణం తగిలింది గాని, పహాడ్ నేల మీద పడగానే మర్చిపోయాను. మూడు వేలు. ఎవడు ఆపుతాడు?

చరోదా అబ్బాయి తన వంతులో నత్తని ముందుకు దింపాడు, అంతే. ముందున్న జీవినే ముందు కొట్టాలన్నది ఆట నియమం. నేను గట్టిగా నవ్వాను. మా అమ్మాయి నవ్వలేదు. చేతిలో కార్డులు చూసుకుంది, నత్తని చూసింది, మళ్ళీ చేతిలోకి చూసుకుంది. దాని చేతిలో ఉన్నవన్నీ నేను పాస్ చేసినవి, ఒక్కటీ దిగదు. ఎంతసేపు చూస్తుందని పిల్లలు గొణగడం మొదలుపెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. “కొట్టమ్మా!” అని పైనుంచి అరిచాను.

అది కొట్టింది. పహాడ్ నత్తని తొక్కేసింది. నేను రెయిలింగు మీద చరిచాను. ఆ తర్వాత వాడి రెండు కుక్కలూ వచ్చి మా అమ్మాయి ప్రాణం మీద పడ్డాయి, పహాడ్ కదల్లేదు. వాడి తర్వాతి వంతులో మళ్ళీ పడ్డాయి, మళ్ళీ కదల్లేదు. వెయ్యీ వెయ్యీ రెండు వేలు, రెండుసార్లకి నాలుగు వేలు. ఆట అయిపోయింది. నేను గబగబా కిందికి దిగి, ఇదేం అన్యాయం, పహాడ్ ఎందుకు అడ్డుకోలేదు అని అడిగాను. చరోదా అబ్బాయి నత్త కార్డు తీసి నా చేతికిచ్చి, “అంకుల్, నీచే లిఖా హై,” అన్నాడు. కింద రాసి ఉందట.

అందరూ నా ముఖం చూస్తున్నారు. నేను కార్డుని కళ్ళ దగ్గర పెట్టాను, చెయ్యంత దూరం జరిపాను. చీమలే. “ఆ, ఆ, అవునవును,” అని తలూపి తిరిగి ఇచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి అది చాప మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండును. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఏమైందో విని, ఆ నత్త మీద ఏం రాసుందే అని దాన్నే అడిగింది. అది గోడ వైపు నుంచి తిరక్కుండానే చెప్పింది. దీపం నత్తని చంపిన జీవి రెండు వంతులు కదలకూడదు, అడ్డుకోకూడదు. ఎంత పెద్దదైనా సరే. అంటే మూడు వందల కార్డు మూడు వేల కార్డుని కట్టిపడేస్తుంది. అంతా కంఠతా వచ్చు దానికి.

నాకు కోపం ముంచుకొచ్చింది. నా మీద నాకు రావాల్సిన కోపం మామూలుగా ఇంకెవరి మీదికో పోతుంది, అదీ నా గుణం. తెలిసి తెలిసి ఎందుకిచ్చావు, నోరు లేదా, అప్పుడే చెప్పొచ్చు కదా అని అరిచాను.

“చెప్తే నువ్వు చదవాలి కదా,” అంది. “నీకు చిన్న అక్షరాలు కనబడవు నాన్నా. అందరి ముందూ అలా చెప్పాలా?”

నేను మంచం మీద కూర్చుండిపోయాను. ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నది పదేళ్ళ పిల్లకి తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో కూడా నేను అడగలేకపోయాను. నా పరువు కోసం అది నత్తని ఇచ్చేసింది, నేను పైనుంచి అరిస్తే ఓడిపోతానని తెలిసీ కొట్టింది, ఇప్పుడు మెట్లు కూడా పోయాయి. మా ఆవిడ చాప పక్కన కూర్చుని పిల్ల తల నిమిరింది. “గుంట మీ పరువు కాసింది. దాని పరువెవలు కాత్తారు?” అని మాత్రం అంది.

అసలు సిగ్గుచేటు ఏమిటంటే, నాకు ఇది తెలియని విషయం కాదు. లాబ్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేను మొదటి రోజే చెప్పే పాఠం ఇది. ఎంత బరువుకి తెగిందన్నది ఒక్కటే చూడకు, తెగేముందు ఎంత సాగిందో కూడా చూడు. మరీ గట్టి ఉక్కు గాజులా పుటుక్కుమంటుంది, అలాంటిది వంతెనకి పనికిరాదు. ఇంత పాఠం చెప్పే మనిషిని, ఇంటికొచ్చి అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టాను. కింద ఏముందో చదవకుండా టీసీ రాసినవాణ్ణి లాబ్‌లో అయితే నేనే నాలుగు మాటలు అనేవాణ్ణి.

ఇంకా వెలుతురుంది. పిల్లలు మెట్ల మీదే ఉన్నారు. నేను మా ఆవిడ గులాబీ అద్దాలు తీసుకుని బయటికి నడిచాను. పొట్టి ఫ్రేము, నా చెవులకి బిగుతు. పిల్లల ముందు అవి పెట్టుకుని, చరోదా అబ్బాయిని నత్త కార్డు ఇమ్మని అడిగి, బొమ్మ కింది అక్షరాలు పైకి చదివాను. ఎవరూ నవ్వలేదు, చివర్లో ఒక్కడు తప్ప. వాణ్ణి నేను తప్పుపట్టను, నేనైనా నవ్వేవాణ్ణి. తర్వాత నేను రాసిన టీసీలన్నీ తెమ్మన్నాను. ఒక్కో దాని మీద అడ్డంగా గీత కొట్టి, రద్దు అని రాసి, పక్కన సంతకం పెట్టాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో నా టీసీ మీద నేను గీత కొట్టడం అదే మొదలు. ముప్పై టీసీలకీ ముప్పై గీతలు.

అప్పుడు చెప్పాను. మా లాబ్‌లో ఒక నియమం ఉంది. ఒక ముక్క ఫెయిలైతే వెంటనే సరుకు వెనక్కి పంపరు. అదే సరుకులోంచి ఇంకో రెండు ముక్కలు తెంపి చూస్తారు. రెండూ పాసైతే మొత్తం పాస్. ఒక్కటి తప్పినా మొత్తం ఫెయిల్, ఇక మాట లేదు. ఇవాళ ఓడింది మా అమ్మాయి ఆట కాదు, నా సంతకం. అందుకని రెండు ఆటలు అడుగుతున్నాను, రెండూ గెలవాలి. పిల్లలకి నియమాలంటే పెద్దవాళ్ళ కంటే గౌరవం. చరోదా అబ్బాయి కాసేపు ఆలోచించి, ఠీక్ హై అన్నాడు. నత్తని తిరిగిచ్చేస్తానని కూడా వాడే అన్నాడు.

లోపలికొచ్చి ఈ మాట చెబితే మా అమ్మాయి లేచి కూర్చుంది. నా ముక్కు మీది అద్దాల వంక చూసింది, నవ్వలేదు, అది దాని మంచితనం. నత్త వద్దంది. “మార్చుకున్నది మార్చుకున్నదే,” అంది. డబ్బాలో ఉన్న ఏడు చుక్కల కార్డుల్లోంచి పహాడ్ ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ తీసేసింది. మెట్ల మీద పిల్లల దగ్గర చిన్న కార్డులు అడిగి తెచ్చుకుంటానంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, “నాన్నా, నువ్వు రాకు,” అంది.

వెళ్ళలేదు. జీవితంలో మొదటిసారి ఒక పరీక్ష జరుగుతుంటే నేను పక్క గదిలో కూర్చున్నాను. కూలరు చప్పుడులో ఏమీ వినబడక దాన్ని ఆపేశాను. చెమటలు కారుతున్నాయి. మా ఆవిడ వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది గాని నాకేమీ చెప్పడం లేదు. ఏటయింది అని నేను మూడుసార్లు అడిగాను. “సదువుతోంది,” అంది మూడుసార్లూ. మా అమ్మాయి కార్డులు చదువుతోందట. ఇప్పుడు ఎవరూ గొణగడం లేదట.

చీకటి పడే ముందు తలుపు చప్పుడైంది. వచ్చింది చరోదా అబ్బాయి. ముఖం చిన్నబోయి ఉంది, కానీ ఆట తెలిసినవాడు గనక చెప్పకుండా ఉండలేకపోయాడు. వాడు రెండో ఆటలో మళ్ళీ నత్తనే ముందు పెట్టాడట. పహాడ్ అప్పటికే దిగి ఉంది. మా అమ్మాయి పహాడ్‌ని కదపకుండా, అయిదు వందల కప్పతో నత్తని చంపించిందట. రెండు వంతులు కదలకుండా పడి ఉన్నది కప్ప. కప్ప పడి ఉంటే ఎవరికి నష్టం? దారి ఖాళీ అయ్యాక పహాడ్ నడిచిందట. రెండు ఆటలూ గెలిచింది. దీదీ కన్నా బాగా ఈ కార్డుల్ని చదివేవాళ్ళు చరోదాలో కూడా లేరు అని మా ఆవిడతో చెప్పాడు. పదేళ్ళ పిల్లని పన్నెండేళ్ళవాడు దీదీ, అంటే అక్క, అన్నాడని మా ఆవిడ వాడికి రెండు జంతికలు ఎక్కువ పెట్టింది.

నత్త బలం నత్తలో లేదు, పహాడ్ బలం పహాడ్‌లో లేదు, ఎవరు ఎప్పుడు ఎవరి మీదికి పంపారన్న దాంట్లో ఉంది. ఇది నాకు చెప్పింది కూడా వాడే. నేను తలూపాను. ఈసారి అర్థమయ్యే ఊపాను.

ఆ తర్వాత మా అమ్మాయి వచ్చింది. అన్నం తింది, నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి, నేను గీసినట్టే గళ్ళు గీసి, సీసా మూతతో గుండ్రంగా గీసి, ఏదో రాసి తెచ్చి నా చేతిలో పెట్టింది. పెద్ద అక్షరాలు హిందీలో ఉన్నాయి. కార్డు పేరు, నాన్న. చుక్కలు ఏడు. బలం మూడు వేలు. గుండ్రంలో ఫెయిల్. దాని పక్కన, రెండోసారి పరీక్షించవచ్చు. నేను పకపకా నవ్వాను. కింద అతి సన్నగా ఇంకో వాక్యం ఉంది, పెన్సిలు ముల్లుతో గీసినట్టు. గులాబీ అద్దాలు అప్పటికే మా ఆవిడకి ఇచ్చేశాను, మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు. ఆ వాక్యం మీద కళ్ళు అటూ ఇటూ తిప్పి, “బాగుందమ్మా,” అన్నాను. అది వెళ్ళి పడుకుంది.

ఆ వారంలోనే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఫ్రేము నల్లది ఎంచుకున్నాను, వంచి చూడలేదు. అద్దాలు చేతికొచ్చిన రోజు ఇంటికొచ్చి, ఎవరూ చూడకుండా, బీరువాలోంచి ఆ కాగితం తీశాను. కింద సన్నటి అక్షరాల్లో ఉన్నది ఇది: యే కార్డ్ కిసీ కో నహీ దేనా. ఈ కార్డు ఎవరికీ ఇవ్వకూడదు.

ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తర్వాత అద్దాలు పెట్టుకునే మెట్ల మీదికి వెళ్ళాను. అది తన వంతులో ఉంది, చేతిలో కార్డు చదువుకుంటోంది. చుట్టూ మగపిల్లలు నోరు మూసుకుని ఎదురుచూస్తున్నారు. నేను వంగి దాని చెవిలో, “చదివాను,” అన్నాను.

అది కార్డు మీంచి తల ఎత్తకుండానే, “ఇప్పుడా?” అంది.